పెద్దాయన పొలంలో రెండు రోజులు: ఆయనకు పని పెరగకుండా, మీరు సేదతీరేలా

అడిగినదాని సారం ఇది: డెబ్బై దాటిన స్నేహితుడు ఊరికి దూరంగా పొలంలోనే ఉంటున్నారు. నాలుగు పాడి ఆవులు, కొన్ని కోళ్లు, కాస్త పండ్లతోట. శని, ఆదివారాలు వచ్చి ఉండమన్నారు. వెళ్లేది భార్యాభర్తలు, ఇద్దరు చిన్న పిల్లలు, ఒక కుక్క. పొలం పని తెలియదు. ఏం తీసుకెళ్లాలి, ఎలా మసలుకోవాలి, ఆయనకు భారం కాకుండా ఎలా ఉండాలి?

పాడి ఉన్న చోట సెలవు రోజంటూ ఉండదు. ఆదివారమైనా పాలు పితకాలి, మేత వేయాలి, తొట్లు నింపాలి, పొద్దుగూకాక కోళ్ల గూడు మూయాలి. మీ విశ్రాంతి ఈ పనుల మధ్య ఉండే ఖాళీల్లో ఇమిడితే రెండు రోజులూ హాయిగా గడుస్తాయి. ఆయన పనులే మీరు నిద్రలేచే వేళకు సర్దుకోవాల్సి వస్తే మాత్రం ఆయనకు రెండు రోజుల చాకిరీ, మీరు వెళ్లాక ఇంకో రెండు రోజుల అలసట. పెద్దవాళ్లు ఆ మాట పైకి అనరు. కాబట్టి బయల్దేరక ముందే ఫోన్‌లో అడిగేయండి: పాలు ఏ వేళకు పితుకుతారు, మధ్యాహ్నం ఎప్పుడు పడుకుంటారు, ఇంటి ట్యాంకు ఎన్ని లీటర్లది, కరెంటు ఏ వేళల్లో ఉంటుంది, ఈ వారంలో ఏ మడికైనా మందు కొట్టారా, ఈనడానికి దగ్గరపడినవీ కొత్తగా ఈనినవీ ఉన్నాయా. ఈ ఆఖరి ప్రశ్నకు అవునన్నారంటే పిల్లల విషయంలో జాగ్రత్త రెట్టింపు చేయాలి. ఎందుకో కింద చెప్తాను.

శనివారం ఉదయం పది, పదకొండు మధ్య చేరడం మంచిది. పాలు, మేత, పేడ ఎత్తడం అన్నీ అయిపోయి ఆయన కాసేపు కూర్చునే వేళ అది. చీకటి పడ్డాక చేరే ఆలోచన మానుకోండి. ఆయన లైటు పట్టుకుని గేటు దగ్గర కాచుకోవాలి, అక్కడి కుక్కలు కొత్త మనుషుల్ని ఒప్పుకోవు, నేల ఎక్కడ మెత్తగా ఉందో డ్రైవరుకు కనబడదు. పొలం దారుల్లో ఫోన్ మ్యాపును పూర్తిగా నమ్మడానికి లేదు. లొకేషన్ పంపించమనండి, దాంతోపాటు ఆఖరి రెండు కిలోమీటర్ల గుర్తులు నోటితో చెప్పించుకుని కాగితం మీద రాసుకోండి. ఆ లొకేషన్ మీ ఇంటి దగ్గర ఉండే ఒకరికి కూడా పంపండి. అంబులెన్సు పిలవాల్సి వస్తే పొలానికి వీధి పేరూ ఇంటి నంబరూ చెప్పలేం. ఒకరు పెద్ద రోడ్డు దాకా వెళ్లి నిలబడాలని కూడా ముందే అనుకోండి.

కారు ఎండుగడ్డి మీద ఆపకండి. ఇంజను ఆపిన కాసేపటి దాకా ఎగ్జాస్ట్ గొట్టంలోని కాటలిటిక్ కన్వర్టర్ గడ్డి అంటుకునేంత వేడిగా ఉంటుంది. గడ్డివాము పక్కన అసలే వద్దు. ట్రాక్టరు మలుపు తిరిగే చోటు, మోటారు గది ముందు, పాల బండి వచ్చే దారి ఖాళీగా వదిలేయాలి. వాన పడి చక్రం దిగబడితే యాక్సిలరేటర్ తొక్కేకొద్దీ గుంత లోతవుతుందే తప్ప బండి కదలదు. చక్రం ముందూ వెనకా బురద తోడి, గోనె సంచులో కొమ్మలో చెక్కలో కింద పెట్టి, వచ్చిన దారినే మెల్లగా వెనక్కి తీయండి. తోసేవాళ్లు చక్రానికి సూటిగా నిలబడకూడదు, కింద పెట్టిన చెక్క ఎగిరి కాళ్లకు తగులుతుంది. ఆ తోసేవాళ్లలో పెద్దాయన ఉండకూడదని వేరే చెప్పాలా.

ఇక చెప్పులు. ఈమధ్య వేరే పశువుల కొట్టానికో, సంతకో, జంతు ప్రదర్శనకో వెళ్లి ఉంటే అదే బూట్లతో ఇక్కడికి రావద్దు. పశువులకు వచ్చే గాలికుంటు జబ్బు వైరస్ పేడా బురదా అంటిన బూట్ల మీద, బట్టల మీద రోజుల తరబడి బతికి ఉండగలదు. మనుషులకు దానితో సాధారణంగా ఏమీ కాదు, మోసుకెళ్లేది మాత్రం మనుషులే. వేరే జత లేకపోతే కడిగే వరస ముఖ్యం: ముందు పుల్లతో, బ్రష్‌తో మట్టి మొత్తం గీకేయాలి, తరవాత సబ్బు నీళ్లు, ఆ తరవాతే మందు నీళ్లు. మట్టి ఉండగా మందు పోస్తే ఆ మట్టే మందును తినేస్తుంది. గాలికుంటుకు లీటరు నీటికి 40 గ్రాముల బట్టల సోడా, అంటే సోడియం కార్బొనేట్, కలిపిన నీళ్లు పనిచేస్తాయి. వంటసోడా వేరు, అది దీనికి పనికిరాదు. అడుగు భాగం పది నిమిషాలు తడిగా ఉంచి, కడిగి ఆరబెట్టాలి. కానుకగా పూలకుండీలు, మొక్కలు తీసుకెళ్లే అలవాటుంటే అదీ ఈసారికి వద్దు. కుండీ మట్టిలో వేర్లకు పట్టే నులిపురుగులు, ఆకుల కింద పిండినల్లి దాక్కుని వస్తాయి. ఒకసారి తోటలో దిగితే ఏళ్ల తరబడి పోవు.

కుక్కను ఇంటి దగ్గరే ఎవరికైనా అప్పగించి వెళ్లడం నా మొదటి సలహా. దూడ ఉన్న ఆవుకు కుక్క అంటే తోడేలుతో సమానం, తరిమి కొమ్ముతో ఎత్తేస్తుంది. కుక్క మలం మేతలో కలిస్తే నియోస్పోరా అనే పరాన్నజీవి వల్ల ఆవులు ఈసుకుపోవచ్చు, అంటే కడుపు పోవచ్చు. కొట్టంలో ఎలుకలకు పెట్టిన మందు కుక్క తింటే దాని ప్రాణానికే ముప్పు. తప్పనిసరిగా తీసుకెళ్తే ముందే నులిపురుగుల మందు వేయించండి, తాడు వదలకండి, మలం మీరే ఎత్తి కవర్లో కట్టి వెనక్కి తెచ్చుకోండి. తాడు వదలాల్సిన సందర్భం ఒకటే ఉంది. ఆవులు మీ మీదికి తరుముకొస్తే వెంటనే వదిలేయండి. అవి కుక్క వెంట పడతాయి, కుక్క పరిగెత్తి తప్పించుకోగలదు, మీరు తప్పించుకోలేరు.

అతిథులు తెలియకుండా చేసే నష్టాల్లో పెద్దది నీళ్లది. షవర్ నిమిషానికి ఎనిమిది నుంచి పది లీటర్లు పోస్తుంది. నలుగురు పది నిమిషాల చొప్పున నిలబడితే 320 నుంచి 400 లీటర్లు. ఎండాకాలంలో పాలిచ్చే ఆవు రోజుకు 60 నుంచి 100 లీటర్లు తాగుతుంది. అంటే మీ ఒక్కపూట స్నానాలు ఆ నాలుగు ఆవుల రోజంతటి తాగునీటితో సమానం. చాలా పొలాల్లో ఇంటి ట్యాంకుకూ పశువుల తొట్టికీ నీళ్లు ఒకే గొట్టం నుంచి వస్తాయి. మధ్యాహ్నం తొట్టి ఎండితే సాయంత్రానికే పాలు తగ్గుతాయి. బకెట్ స్నానం చేస్తే మనిషికి ఇరవై లీటర్లు చాలు. ట్యాంకు ఖాళీ అయిందని మోటారు మీరే వేసేయకండి. బావిలో గొట్టం అడుగున నీళ్లు వెనక్కి పోకుండా ఆపే ఫుట్ వాల్వ్ కారుతూ ఉంటే గొట్టంలో నీళ్లు దిగిపోయి ఉంటాయి, ముందు నీళ్లు పోసి గాలి తీయకుండా వేస్తే మోటారు వట్టిగా తిరిగి సీలు కాలిపోతుంది. తడి చేతులతో స్టార్టర్ పెట్టె ముట్టుకోవడం ఇంకా ప్రమాదం. మరుగుదొడ్డి కింద చిన్న సెప్టిక్ ట్యాంకే ఉంటుంది కాబట్టి తడి టిష్యూలు, డైపర్లు, ప్యాడ్లు అందులో వేయకండి. అది నిండి పొంగేది మీరు ఊరికి వెళ్లిపోయాకే.

పాలు పితకడం చూడాలని పిల్లలు గోల చేస్తారు. చూడొచ్చు, పద్ధతి ఉంది. పొదుగు కడిగి నిమిరాక ఒకటి రెండు నిమిషాల్లో ఆవు చేపుకు వస్తుంది, అంటే పాలు చన్నుల్లోకి దిగుతాయి. ఆక్సిటోసిన్ అనే హార్మోను రక్తంలో కలిసి పొదుగులోని పాలగదులను పిండుతుంది. ఆ బలం అయిదు నుంచి ఏడు నిమిషాలే. ఆలోగా పితికేయాలి. ఈ మధ్యలో ఆవు బెదిరిందంటే అడ్రినలిన్ అడ్డుపడి చేపు ఆగిపోతుంది, పాలు పొదుగులోనే మిగిలిపోతాయి, మాటిమాటికీ అలా మిగిలితే పొదుగువాపు వస్తుంది. పెద్దాయన పితకడానికి కూర్చోక ముందే మీరు వెళ్లి, ఆవుకు కనిపించేలా ముందువైపు పక్కగా నిలబడి ఉండాలి. మధ్యలో రావడం, మధ్యలో పోవడం రెండూ వద్దు. గొడుగు తెరవడం, ఫ్లాష్ వేసి ఫొటో తీయడం, ఫోన్ మోగడం అన్నీ చేపును చెడగొట్టేవే. మొదటి పూట పెద్దవాళ్లలో ఒకరు మాత్రం వెళ్లి చూసి, రెండో పూట పిల్లల్ని ఒక్కొక్కరిగా తీసుకెళ్లండి.

పితికి చూస్తానంటే ఆయన అనుమతించిన సాధువైన ఆవు దగ్గరే, పని చివర్లో. గోళ్లు కత్తిరించుకుని చేతులు కడిగి తుడుచుకోండి. బొటనవేలు, చూపుడువేలుతో చన్ను మొదలును మూసి, మిగతా వేళ్లు పైనుంచి కిందికి వరసగా నొక్కాలి, తరవాత వదలాలి. పైభాగం మూయకుండా నొక్కితే పాలు తిరిగి పొదుగులోకే పోతాయి. కిందికి లాగడం తప్పు, చన్ను లోపలి పొర దెబ్బతింటుంది. ఆవు వెనక కాలు ముందుకూ పక్కకూ విసురుతుంది. కాలికి దూరంగా కూర్చుంటే దెబ్బ బలంగా తగులుతుంది. డొక్కకు ఆనుకుని దగ్గరగా కూర్చుంటే విసరడానికి దానికి చోటుండదు. ఆయన ఏ పక్కన కూర్చుంటారో ఆ పక్కనే కూర్చోండి, ఆవుకు అలవాటైన పక్క అదే.

విడిగా తిరిగే పశువుల దగ్గరికి వెళ్లేటప్పుడు వాటి చూపు సంగతి తెలిసుంటే సగం ప్రమాదం తగ్గుతుంది. కళ్లు తలకు రెండు పక్కలా ఉండటం వల్ల ఆవుకు చుట్టూరా దాదాపు అంతా కనిపిస్తుంది, ఒక్క తోక వెనక తప్ప. అక్కడినుంచి వచ్చేవాడు దానికి ఉన్నట్టుండి ఊడిపడినట్టే. భుజం వైపు నుంచి, మామూలు గొంతుతో ఏదో ఒకటి మాట్లాడుతూ వెళ్లాలి. భుజానికి వెనకగా నిలబడి అడుగు వేస్తే ముందుకు కదులుతుంది, భుజానికి ముందుగా అడుగు వేస్తే వెనక్కి తగ్గుతుంది. కట్టె అవసరం లేదు, అరుపులూ అవసరం లేదు. కొత్తగా ఈనిన ఆవుకూ దాని లేగదూడకూ మధ్య ఎప్పుడూ నిలబడకండి. ఎంత సాధు జంతువైనా ఆ వారం మాట వేరు. ఆబోతు ఉంటే ఆ దొడ్డిలోకి వెళ్లే పనే లేదు, తలవంచి పక్కకు తిరిగి నిలబడిందంటే అది చూపించే బెదిరింపు.

గేట్ల సంగతి అందరూ చెప్పేదే అయినా చెప్పక తప్పదు: తెరిచి ఉన్నది తెరిచే, మూసి ఉన్నది మూసే వదలాలి. తెరిచి ఉన్న గేటు మరిచిపోయింది కాదు, పశువులు నీళ్లకు వచ్చే దారి అయి ఉండొచ్చు. మీరు సాయం చేద్దామని మూస్తే మంద ఎండలో దాహంతో నిలబడిపోతుంది. గేటు ఎక్కి దాటాల్సి వస్తే బందుల వైపు, అంటే గుంజకు బిగించిన వైపు, ఎక్కండి, గొళ్లెం వైపు ఎక్కితే మీ బరువుకు గేటు వాలిపోతుంది. కరెంటు కంచె సెకనుకు ఒకసారి వేల వోల్టుల దెబ్బ క్షణకాలం పంపిస్తుంది. మామూలు మనిషికి నొప్పి, భయం తప్ప పెద్ద హాని ఉండదు. గుండెకు పేస్‌మేకర్ ఉన్నవాళ్లు మాత్రం దాని దరిదాపులకు పోకూడదు. ఇది సరైన యంత్రంతో నడిచే కంచె మాట. ఇంటి కరెంటు నేరుగా తీగకు తగిలించిన కంచె ప్రాణాంతకం. ఏది ఏమిటో ఆయన్ని అడగండి, ముట్టుకుని తెలుసుకోవద్దు.

పిల్లల చేతులు. దూడల్ని, మేకపిల్లల్ని ముట్టుకున్న చేతులతోనే నోట్లో వేళ్లు పెట్టుకోవడం వల్ల వచ్చే జబ్బులు చిన్నవి కావు. ఆరోగ్యంగా కనిపించే దూడ పేడలో కూడా ఈ.కోలై, క్రిప్టోస్పోరిడియం ఉండొచ్చు. అయిదేళ్లలోపు పిల్లలకు ఈ.కోలైలో కొన్ని రకాలు కిడ్నీల దాకా పోతాయి. చేతులకు రాసుకునే శానిటైజర్ క్రిప్టోస్పోరిడియాన్ని చంపలేదు. సబ్బు, పారే నీళ్లు, ఇరవై సెకన్లు, గోళ్ల సందులు కూడా. పశువుల దగ్గర ఉన్నంతసేపూ తినడం, తాగడం, పాలపీక అన్నీ బంద్. గర్భిణులు ఈనే గొర్రెలు, మేకల దగ్గరికీ మాయ పడిన చోటికీ వెళ్లకూడదు. కొట్టంలో వేసుకున్న చెప్పులు గుమ్మం బయటే విడవాలి. పచ్చిపాలు రుచి చూడాలన్న సరదా కూడా వద్దు, పొంగేదాకా కాచాకే తాగండి. పిల్లలు ప్రేమగా రొట్టె ముక్కలు, గింజలు పశువులకు పెట్టకుండా చూడండి. అలవాటు లేని పిండి పదార్థం ఎక్కువగా పడితే నెమరువేసే జంతువు కడుపులో ఆమ్లం పెరిగిపోయి ఒక్కరోజులో ప్రాణం మీదికి వస్తుంది. బిస్కెట్ కవరు గాలికి ఎగిరి మేతలో పడినా ముప్పే, అది కడుపులోనే ఉండిపోతుంది.

కోళ్లు పొద్దుగూకగానే తమంతట తామే గూట్లోకి పోతాయి. లెక్కపెట్టి తలుపు వేసే పని పిల్లలకు ఇవ్వండి, ఇది వాళ్లకు దొరికే మంచి ఉద్యోగం. గుడ్లు ఏరితే కడగొద్దు. పెంకు మీద ఉండే సన్నటి పూత కడిగితే పోయి క్రిములు లోపలికి దిగుతాయి. పేడ అంటితే పొడి గుడ్డతో తుడిస్తే చాలు.

ప్రాణాలు పోయే చోట్లు పొలంలో కొన్నే ఉంటాయి. చేరిన అరగంటలో పెద్దాయనతో కలిసి పిల్లల్ని వెంటబెట్టుకుని అవన్నీ ఒక చుట్టు చూపించండి. బావి, కుంట, నీళ్ల తొట్టి మొదటివి. చిన్నపిల్ల మునగడానికి జానెడు లోతు చాలు, మునిగేటప్పుడు కేక వినబడదు. "అందరం చూస్తున్నాంలే" అంటే ఎవరూ చూడటం లేదనే. అరగంటకు ఒకరు చొప్పున పేరు పెట్టి కాపలా అప్పగించుకోండి. ట్రాక్టరు రెండోది. దానికి ఒకటే సీటు, మడ్‌గార్డు మీద పిల్లను కూర్చోబెట్టి ఒక రౌండు తిప్పమని ఆయన్ని బలవంతపెట్టకండి. వద్దనలేక తిప్పుతారు. ఇంజను బలాన్ని పనిముట్లకు అందిస్తూ వెనక తిరిగే పీటీవో షాఫ్ట్ అనే ఇరుసు నిమిషానికి 540 చుట్లు, అంటే సెకనుకు తొమ్మిది. చున్నీ కొసో చొక్కా చెయ్యో అందులో పడిందని తెలిసేలోపే మనిషిని చుట్టేస్తుంది. పేడ గుంత, గోబర్ గ్యాస్ తొట్టి, వాడకుండా మూసి ఉంచిన పాత బావి మూడోవి. వాటిలో ప్రాణవాయువు ఉండకపోవచ్చు, విషవాయువు పేరుకుని ఉండొచ్చు. లోపల పడినవాణ్ని తీయబోయి దిగినవాళ్లు వరసగా పోవడం ఇలాంటి చోట్లే జరుగుతుంది. ఎవరైనా పడితే దిగకూడదు, తాడు వేసి అగ్నిమాపక సిబ్బందిని పిలవాలి. పురుగుమందుల గదికి తాళం ఉందో లేదో మీ కళ్లతో చూసుకోండి. కూల్‌డ్రింక్ సీసాలో మందు పోసి ఉంచే పాడు అలవాటు చాలాచోట్ల ఉంది, పిల్లలకు పేరులేని సీసా ఏదీ ముట్టుకోవద్దని చెప్పాలి. మందు కొట్టిన మడిలోకి మళ్లీ ఎప్పుడు అడుగు పెట్టొచ్చో డబ్బా లేబుల్ మీదే ఉంటుంది. చెట్టు మీది పండైనా ఆయన్ని అడిగాకే కోయండి.

ఇప్పుడు సాయం సంగతి, దీని దగ్గరే మంచి మనసున్న అతిథులు తప్పులు చేస్తారు. "ఏం చేయమంటారు?" అంటే "ఏమీ వద్దు, కూర్చోండి" అంటారు. అలా కాకుండా "ఇద్దరు మనుషులు కావాల్సి వచ్చి ఆపేసిన పని ఏముంది?" అని అడగండి. ఒంటరిగా ఉండే పెద్దవాళ్ల పొలంలో అలాంటివి తప్పకుండా నాలుగైదు ఉంటాయి: వాలిపోయిన గేటు, ఎత్తున మాడిపోయిన బల్బు, చోటు మార్చాల్సిన మూటలు, పాచి పట్టిన తొట్టి. ఉదయం తొమ్మిదిలోపు గంటన్నర, సాయంత్రం నాలుగు తరవాత ఒక గంట. అంతకు మించి వద్దు. ఇంకొకటి గుర్తుంచుకోండి. పెద్దవాళ్లు పక్కన కుర్రవాళ్లు పనిచేస్తుంటే వాళ్ల వేగాన్ని అందుకోవాలని చూస్తారు. పైగా వయసు పెరిగేకొద్దీ దాహం తెలియడం తగ్గుతుంది. ఇరవై నిమిషాలకొకసారి మీరే "అలిసిపోయాను, నీళ్లు తాగుదాం" అని కూర్చోండి. ఆయన్ని కూర్చోమంటే కూర్చోరు, మీరు కూర్చుంటే కూర్చుంటారు.

తొట్టి కడగడం కొత్తవాళ్లు నిశ్చింతగా చేయగల పని. ఉదయం పశువులు తాగాక మొదలుపెట్టి ఎండ ముదిరేలోగా మళ్లీ నింపేయాలి. అడుగు బిరడా తీసి, లేకపోతే బకెట్‌తో తోడి, నీళ్లు వదిలేయండి. పాచిని గట్టి బ్రష్‌తో రుద్ది రెండుసార్లు కడగండి, సబ్బు పొడి వాడొద్దు. దాని వాసన మిగిలితే ఆవులు ఆ నీళ్లు ముట్టవు. నీళ్లు నిండగానే తేలే బంతితో మూసుకునే బాల్ వాల్వ్ ఉంటే, ఆ బంతిని చేత్తో పైకి ఎత్తి పట్టుకుని, పూర్తిగా మూసుకుంటుందో లేదో చూడండి. రాత్రంతా సన్నగా కారే వాల్వ్ ట్యాంకును ఖాళీ చేసేస్తుంది.

వాలిన చెక్క గేటుకు సాధారణంగా రెండే కారణాలు: బందు బోల్టులు వదులవడం, లేదా ఏటవాలు ఆనుచెక్క లేకపోవడం. గొళ్లెం వైపు కొస కింద రాయో మొద్దో పెట్టి గేటును సమంగా ఎత్తి, ముందు బోల్టులు బిగించండి. అప్పటికీ వాలితే ఏటవాలు బిగించాలి. చెక్కతో అయితే కింది బందు మూల నుంచి పైన గొళ్లెం మూలకు, అది బరువును కిందినుంచి మోస్తుంది. తీగతో అయితే సరిగ్గా ఎదురు: పై బందు మూల నుంచి కింద గొళ్లెం మూలకు, అది పైనుంచి లాగి పట్టుకుంటుంది. తారుమారు చేస్తే వేసిన శ్రమంతా వృథా, గేటు మళ్లీ వాలుతుంది. గుంజే కదిలిపోయి ఉంటే ఇవేవీ పనిచేయవు, అది వేరే రోజు పని.

నిచ్చెన ఎక్కేది మీరే. ఎత్తు నాలుగు అడుగులైతే అడుగు భాగం గోడకు ఒక అడుగు దూరం ఉండాలి, ఎనిమిదైతే రెండు. పై కొస కట్టండి, చివరి మూడు మెట్ల మీద నిలబడకండి. యాభై కిలోల మూటను ఇద్దరు ఎత్తేకంటే సగం వేరే సంచిలో పోసి రెండుసార్లు మోయడం నయం. కలుపు తీయడం, కొమ్మలు కత్తిరించడం మాత్రం అడగకుండా మొదలుపెట్టకండి. మీకు కలుపులా కనిపించింది ఆయన వేసిన మొలక కావొచ్చు. కొట్టం సర్దిపెట్టడం కూడా అంతే. పార ఏ మూలన ఉంటుందో ఆయన చేతికి చీకట్లో కూడా తెలుసు, మీరు అందంగా పేర్చి వెళ్తే వారంపాటు వెతుక్కుంటారు. దానికన్నా ఒక కాగితం మీద ఆయన వాడే మందుల పేర్లు, మోతాదు, డాక్టరు, పశువైద్యుడు, దగ్గరి మనిషి ఫోన్ నంబర్లు పెద్ద అక్షరాలతో రాసి తలుపు వెనక అంటించండి. ఫోన్‌లో ఒక మీట నొక్కితే ఆ దగ్గరి మనిషికి కాల్ వెళ్లేలా పెట్టండి. ఇది పది నిమిషాల పని. కానుక కావాలంటే తలకు పెట్టుకునే లైటు, మంచి చేతి తొడుగులు, సాన పట్టించిన కొమ్మల కత్తెర. మొదటి రాత్రి భోజనం మాత్రం వేడి చేసుకుంటే చాలేలా మీరే వండి తీసుకెళ్లండి.

మధ్యాహ్నం ఆయన పడుకునే రెండు గంటలు ఇంట్లో చప్పుడు ఉండకూడదు. పిల్లల్ని తీసుకుని చెట్టు నీడకు వెళ్లండి, ఎండు కొమ్మలు లేని చెట్టు చూసుకుని. సాయంత్రం ఆయన కంచె వెంబడి ఒక చుట్టు తిరిగే అలవాటుంటే వెంట నడవండి. కూర్చోబెట్టి అడిగితే రాని మాటలు నడకలో వస్తాయి, పొలం ఎలా నడుస్తుందో కూడా అప్పుడే అర్థమవుతుంది. నా లెక్కలో ఈ రాకపోకల్లో దక్కే అసలు సుఖం అదే. రాత్రి చుక్కలు చూడాలంటే లైట్లన్నీ ఆర్పి ఫోన్ కూడా చూడకుండా ఇరవై, ముప్పై నిమిషాలు ఉండాలి, కళ్లు చీకటికి పూర్తిగా అలవాటు పడటానికి అంత పడుతుంది. ఒక్కసారి ఫోన్ వెలిగిస్తే మళ్లీ మొదటికి. నడిచేటప్పుడు మాత్రం టార్చి, కాళ్లు కప్పే బూట్లు తప్పనిసరి. బయట విడిచిన బూట్లు తెల్లారి దులిపి తొడుక్కోండి. పాము కరిస్తే కట్టు బిగించొద్దు, కోయొద్దు, నోటితో పీల్చొద్దు. ఉంగరాలు, గడియారం తీసేసి, ఎముక విరిగినప్పుడు కట్టినట్టు ఆ అవయవం కదలకుండా కట్టి, మనిషిని నడిపించకుండా ఆసుపత్రికి చేర్చాలి. పామును పట్టుకోబోయి రెండోవాడు కాటు తినడం కూడా జరుగుతూ ఉంటుంది. తుప్పు మేకు, పేడ అంటిన గాయం కోసం బయల్దేరే ముందే ధనుర్వాతం టీకా చూసుకోండి. ఆఖరి డోసు పదేళ్లు దాటితే వేయించుకోవాలి, గాయం మురికిదైతే అయిదేళ్లు దాటినా డాక్టర్ని అడగాలి.

ఆదివారం బయల్దేరేది సాయంత్రం పాలకు గంట ముందో, లేదంటే ఆ పని అయ్యాకో. సరిగ్గా పితికే వేళ వీడ్కోలు పెట్టుకుంటే ఆయన రెంటి మధ్య నలిగిపోతారు. దుప్పట్లు, దిండు గలీబులు తీసి మడిచి ఒకచోట పెట్టండి, ఉతికే వీలు ఆయనకు ఎలా ఉంటుందో అడిగి, కుదరకపోతే మీతో తీసుకెళ్లి ఉతికి పంపండి. ప్లాస్టిక్ చెత్త మొత్తం మీ కారులోనే వెళ్లాలి, పొలానికి చెత్త బండి రాదు. వాడిన పనిముట్లు కడిగి, తీసిన చోటే పెట్టారో లేదో చూడండి. మీ బూట్లు అక్కడే కడుక్కోండి.

ఇంటికి చేరగానే ఫోన్ చేయండి. ఆ రాత్రే పిల్లల ఒళ్లు పిడుదుల కోసం వెతకండి: చెవుల వెనక, జుట్టు కుదుళ్లలో, చంకల్లో, గజ్జల్లో, మోకాలి వెనక. కనిపిస్తే సన్నటి పట్టుకారుతో చర్మానికి ఆనించి దాని తల దగ్గర పట్టుకుని, మెలితిప్పకుండా నిదానంగా నిటారుగా పైకి లాగాలి. అగ్గిపుల్ల, నూనె, కిరసనాయిలు వాడితే అది కడుపులోది గాయంలోకి కక్కుతుంది. తరవాత రెండు మూడు వారాల్లో ఎవరికైనా జ్వరమో, దద్దురో, తగ్గని విరేచనాలో వస్తే డాక్టరుతో ముందుగా చెప్పాల్సిన మాట, పశువులున్న పొలంలో రెండు రోజులు ఉండి వచ్చామని.